ఎనిమిది మెట్లు, ఒక్క చాప

షుగరు జబ్బు పెసమినో ఎడమకాలిని మోకాలి దాకా మింగేసింది గానీ, నోటి జోలికి మాత్రం రాలేదు. సవాయి దీవిలోని ఆ ఊరి సభలో తనవాళ్ల తరఫున మాట్లాడే పెద్ద అతనే. సభామందిరంలో స్తంభం పక్కన అతను కూర్చునే చోటు తాతల నాటిది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్కు కాలు మాత్రం ముడుచుకోదు. సభలో నేల మీద కాళ్లు మడిచి కూర్చోవాలి; ఎవరైనా చాచితే వాటి మీద చాప కప్పుకోవాలి, లేకపోతే పెద్ద తప్పు.

"నీ అవస్థ చూళ్లేకపోతున్నాం బాబాయ్," అన్నాడు సభ నడిపే లెమోసో, జాలి ఒలకబోస్తూ. "ఇంటిపట్టున హాయిగా ఉండు. నీ బదులు మీ తమ్ముడి కొడుకు మాట్లాడతాడు. సోమవారం సభలో తేల్చేద్దాం."

పెసమినోకి ఒళ్లు మండిపోయింది. తమ్ముడి కొడుకు నోరు తెరిస్తే వచ్చేది ఆవలింతే. పైగా రాబోయే ఎన్నికలకి ఓట్ల పెట్టె ఎక్కడ పెట్టాలో తేల్చేదీ ఆ సభలోనే. ఎనిమిది మెట్ల మీదున్న సభామందిరంలో పెడితే తనూ, చూపు లేని సినా, నడవలేని ఇంకో నలుగురూ కింద నిలబడి ఓటుకు దణ్ణం పెట్టుకోవాల్సిందే.

సోమవారం ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ పైకెక్కాడు. ప్లాస్టిక్కు కాలు ఊడదీసి గుమ్మంలో చెప్పుల పక్కన పెట్టాడు. చంకలో చాపతో పాక్కుంటూ వెళ్లి, ఉన్న కాలు మడిచి తన స్తంభానికి ఆనుకున్నాడు.

"చాప కప్పుకో బాబాయ్," అన్నాడు లెమోసో.

"కప్పడానికేముంది నాయనా? చాచే కాలు గుమ్మంలో ఉందిగా!"

సభకి ముందు తాగే అవా వేరు కషాయం చిప్ప అందరి చేతులూ తిరిగింది. పెసమినో మొదలుపెట్టాడు. అతను మాట్లాడుతుంటే ఎవరూ లేవకూడదు, చాప లేకుండా కాళ్లు చాచకూడదు; చాప తెచ్చుకున్నది అతనొక్కడే. తాతల పేర్లయ్యాయి, తుఫానులయ్యాయి, ఆ తర్వాత ఆ ఎనిమిది మెట్లెక్కే పాట్ల మీద మెట్టుకో ఉపన్యాసం. వాన వచ్చింది, వెలిసింది. నాలుగో మెట్టుకి పెద్దలంతా అటూ ఇటూ ఒరగడం మొదలుపెట్టారు. ఆరో మెట్టు దగ్గర లెమోసో మొహం కందగడ్డలా అయింది.

"బాబాయ్... తిమ్మిరెక్కి చచ్చిపోతున్నాను. ఆ చాప ఇటిస్తావా?"

పెసమినో చాప జరిపాడు. "కప్పుకో నాయనా. నీ అవస్థ చూళ్లేకపోతున్నాను. అయినా నిన్ను ఇంటికి పొమ్మననులే."

సభంతా గొల్లున నవ్వింది. లెమోసో తల వంచుకుని కాళ్లు చాచుకున్నాడు. తమ్ముడి కొడుకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"ఇంకా రెండు మెట్లున్నాయి," అంటూ గొంతు సవరించుకున్నాడు పెసమినో.

"పెట్టె కిందే పెడదాం!" అన్నారు పెద్దలంతా ఒక్కసారిగా.