బీజాన్ చేతి సూపు

ముత్తుకూరు బజారులో పరుపులు కుట్టే దరియావలిని ఎరగనివాళ్లు లేరు. వారమంతా దూది దుమ్ములో తుమ్ముతూ కూర్చునే మనిషి, ఆదివారం వచ్చిందంటే చాలు, గాలం పట్టుకుని బయలుదేరాల్సిందే. తెల్లవారుజామున నాలుగింటికి పంపుసెట్ల మెకానిక్కు పెంచల్ బండేసుకొచ్చి వాకిట్లో హారన్ కొట్టేవాడు. ఇద్దరూ ఉప్పుటేటి దగ్గరికి పోయి, తెలిసినవాళ్ల చిన్న పడవ అడిగి తీసుకుని, ఏరు సముద్రంలో కలిసే చోటుదాకా పోయి పండుగప్ప చేపల కోసం గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లు.

కార్తీకం దాటితే ఏటి మీద గాలి ఒంట్లో దూరిపోతుంది. పెంచల్‌కి టీ ఉంటే చాలు, అది తప్ప ఏదీ తాగడు. దరియావలికి మాత్రం వేడివేడిగా ఏదో ఒకటి కారంగా గొంతులో పడాలి. అందుకని ఆయన భార్య బీజాన్ ఫ్లాస్కులో సూపు పోసి ఇచ్చేది.

ఆ సూపు ఒక దారికి రావడానికే ఆమెకి రెండు చలికాలాలు పట్టింది. మొదట ఉలవచారు పోసింది. పైపైన బాగానే ఉండేది, అడుగున మాత్రం బురదలా పేరుకునేది. టమాటా చారు పోస్తే తెల్లారేసరికి ఫ్లాస్కంతా పులుపు వాసన. మునగాకు వేస్తే ఆకు పళ్లల్లో ఇరుక్కుందని దరియావలి గొణిగాడు. ఒకసారి రొయ్య తలకాయలతో చారు కాచింది.

“చేపలకి పోతా రొయ్యల చారు తెచ్చినావా బాయ్! నీళ్లల్లో చేపలు పగలబడి నవ్వతా ఉండాయి,” అన్నాడంట పెంచల్.

మేక కాళ్ల సూపు చేస్తే చల్లారేకొద్దీ పెదాలు అతుక్కుపోయేవి. చివరికి కొవ్వు లేని పక్కటెముకలు తెప్పించి, మిరియాలు, అల్లం, చిన్న ఉల్లిగడ్డలు దంచి వేసి, సన్నని సెగ మీద గంటలకొద్దీ మరిగించి, పైన తేలిన జిడ్డంతా తీసేసి, గుడ్డలో రెండుసార్లు వడకట్టింది. చీకట్లో తాగేటప్పుడు ఎముక ముక్క గొంతులో పడితే ఎట్లా అని ఆమె భయం. ఉప్పు ఒక పిసరు తగ్గించేది, ఏటిగాలికి పెదాల మీద ఉప్పు ఎటూ ఉంటుంది కదా అని. ముందు వేడినీళ్లు పోసి ఫ్లాస్కు కడుపు కాచి, ఆ తర్వాతే సూపు పోసేది. దానికోసం రెండింటికే లేచేది.

అట్లా చాలా ఏళ్లు గడిచాయి. బీజాన్‌కి మోకాళ్లు పట్టుకుపోవడం మొదలైంది. నిలబడితే లోపల ఎవరో సూదులు గుచ్చినట్టు ఉండేది. ఒక ఆదివారం మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి వాకిట్లో హారన్ మోగుతోంది. ఎముకలు కడగనైనా లేదు. గూట్లో చూస్తే, గూడూరులో కాపురముంటున్న కూతురు షాహీనా తన పిల్లల కోసం తెచ్చి మరిచిపోయిన సూపు పొడి ప్యాకెట్లు కనిపించాయి. కాగే నీళ్లల్లో ఆ పొడి కలిపి, ఇంత మిరియప్పొడి చల్లి, ఇంత కొత్తిమీర తుంచి వేసి ఫ్లాస్కు మూత బిగించి చేతికిచ్చింది. రాగానే చెప్పేస్తాను, ఈ ఒక్క రోజుకి సర్దుకోమంటాను అనుకుంది.

ఆ రోజే అబ్రహాము వాళ్లతో మొదటిసారి పడవెక్కాడు. ఆర్టీసీ డ్రైవరు, కొత్తగా బదిలీ మీద వచ్చాడు. దరియావలి తిరిగి వస్తూనే గుమ్మంలోంచి కేకేశాడు.

“బీజానూ! అబ్రహామన్న మూత కూడా నాకినాడు. ఈరోజు ఏం వేసినావు, కొత్తగా ఉండాదే?”

చెప్పాల్సిన మాట బీజాన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసింది. “మిరియాలు కొత్తవి,” అంది.

మరుసటి వారం ఎముకలు తెప్పిద్దామనుకుంది. మోకాళ్లు ఒప్పుకోలేదు. మళ్లీ ప్యాకెట్టే. ఆ పై వారమూ అంతే. ఇక చెప్పే వేళ దాటిపోయింది. ప్యాకెట్లు తెచ్చి బియ్యం డబ్బాలో అడుగున దాచేది. నాలుగింటికి పది నిమిషాల ముందు లేచి, గిన్నెలూ గరిటెలూ నాలుగు చప్పుడు చేసేది.

దరియావలి మాత్రం బజారంతా చెప్పుకునేవాడు. “మా ఇంట్లో మనిషి రెండింటికే లేస్తుందబ్బా నాకోసం. ఈ కాలంలో ఎవురు చేస్తారు?” ఆదివారం మధ్యాహ్నం చేపల కూర తిన్నాక నువ్వుల నూనె గిన్నె తెచ్చుకుని ఆమె కాళ్ల దగ్గర కూర్చునేవాడు. “పొయ్యి కాడ నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నావు గదా మే,” అంటూ మోకాళ్లకి నూనె రాసి రుద్దేవాడు. బీజాన్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేది. ఆయన అనుకునేవాడు, హాయిగా ఉంది కాబోలు అని.

రెండేళ్లు అట్లాగే జరిగాయి. పోయిన ఆగస్టులో ఒకరోజు, అంగట్లో పరుపుకి దూది కూరుతూ కూరుతూ దరియావలి పక్కకి ఒరిగిపోయాడు. ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

బీజాన్ ఇద్దత్తులో కూర్చుంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. దరియావలి బాయి నోట అబద్ధం రాదు, నికార్సైన మనిషి, నీ గురించి చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయేది. ఆ మాటలకి ఆమె ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. ఆమె ఏడుపులో సగం సిగ్గు అని ఎవరికి తెలుసు?

డిసెంబరులో చలి ముదిరింది. ఇద్దత్తు ఇంకో ఐదు రోజులు ఉందనగా, ఒక శనివారం మధ్యాహ్నం అబ్రహాము భార్య కరుణాకుమారి వచ్చింది. ఒక చేతిలో స్టీలు క్యారేజీలో ఎముకలు, ఇంకో చేతిలో మందిరంలో పాడుకునే పాటలు రాసుకున్న నోటుబుక్కు.

“అక్కా, ఒకటి అడగతా, కాదనబాకు. ఆ సూపు నాకు నేర్పియ్యి.”

“ఏం సూపు?” అంది బీజాన్, తెలిసి కూడా.

“ఇంకే సూపు! బాయి పోయినాక మా ఆయన ఆదివారం ఆదివారం దాన్నే తలుచుకుంటా ఉండాడు. నన్ను చెయ్యమంటాడు. చేస్తే మూతి తిప్పతాడు. ‘బీజాన్ వదిన రెండింటికి లేస్తుంది, నువ్వు ప్రార్థనకి కూడా సక్రమంగా లెయ్యవు’ అంటాడు. ఇప్పుడు కాదక్కా, రెండేళ్లుగా ఇదే పాట. అన్నం చల్లారినా నీ పేరే, చొక్కా ఇస్త్రీ లేకపోయినా నీ పేరే.” కరుణాకుమారి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “నీ మింద నాకు కోపం లేదులే. నువ్వు అట్టాంటి మనిషివి, నేను ఇట్టాంటి దాన్ని.”

ఇన్నాళ్లూ బీజాన్ అనుకున్నది ఒక్కటే, మోసపోయింది తన మొగుడు అని. పక్క వీధిలో ఒక ఆడమనిషి తన మూలంగా రెండేళ్లు మాటలు పడుతోందని కలలో కూడా అనుకోలేదు. చెప్పేద్దామని నోరు తెరిచింది. చెబితే రేపు బజారంతా ఏమంటుంది? దరియావలి గొప్పలు చెప్పుకున్నది ప్యాకెట్టు పొడి గురించంట అని నవ్వుతారు. మట్టిలో ఉన్న మనిషిని నవ్వులపాలు చెయ్యడమా? నోరు మూసుకుంది.

“రాసుకో,” అంది.

పాత సూపు నేర్పింది. ఎముకలు ఎట్లా కడగాలో, మిరియం ఎంత నలగాలో, పైన తేలిన జిడ్డు ఎట్లా తీసెయ్యాలో, గుడ్డలో ఎన్నిసార్లు వడకట్టాలో, ఫ్లాస్కు ఎట్లా కాచాలో అన్నీ చెప్పింది. కరుణాకుమారి ఒక్క మాట పోకుండా నోటుబుక్కులో రాసుకుంది. పోతూ పోతూ బీజాన్ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. బీజాన్‌కి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మంచి సూపే కదా నేర్పాను, అంతకంటే మంచిదే కదా, అని రాత్రి తనకి తాను సర్దిచెప్పుకుంది.

సోమవారం పొద్దున కరుణాకుమారి మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఏం దాచిపెట్టినావక్కా?”

“నేనేం దాచలేదు కరుణా.”

“దాచినావు. ఏదో ఒకటి చెప్పకుండా కడుపులో పెట్టుకున్నావు. నేను రెండింటికి లేచి, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసినా. ఆయన పడవలో మూత తీసి ఒక గుక్క తాగి, ‘ఇది కాదు’ అన్నాడంట, పెంచలన్న ముందర. ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసునా? ‘చేతిలో ప్రేమ లేకుంటే ఎన్ని మిరియాలు దంచి ఏం లాభం’ అన్నాడు.” అంది కరుణాకుమారి. “ఇచ్చే మనసు లేకపోతే ఇవ్వనని చెప్పుండాల. నన్ను ఇట్టా చేస్తావా?”

ప్రేమ అన్న మాట బీజాన్‌కి చెంప మీద కొట్టినట్టు తగిలింది. లోపలికి పోయి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగునుంచి ఒక ప్యాకెట్టు తీసుకొచ్చి కరుణాకుమారి చేతిలో పెట్టింది.

కరుణాకుమారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అట్ట మీద అక్షరాలు చదివింది. “ఇదేంది?”

“మీ ఆయన తాగింది అదే. నీళ్లల్లో కలిపి పోసేదాన్ని.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మీ ఆయన పడవెక్కిన మొదటిరోజు నుంచి. నీకు నేర్పింది అసలుది. అంతకుముందు మా ఆయనకి చేసి ఇచ్చింది. నాకు ఒంట్లో చాతకాక మానేసినా.”

“మరి రెండింటికి లేచేది?”

బీజాన్ తల అడ్డంగా ఆడించింది.

కరుణాకుమారి గడప మీద కూలబడింది. “నేను మోకరించి ప్రార్థన చేసుకున్నానక్కా,” అంది మెల్లగా. “నన్ను బీజానక్క మాదిరి చెయ్యి దేవుడా అని.”

బీజాన్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “టీ పెడతా, కూచో.”

“వద్దు.” కరుణాకుమారి లేచి ప్యాకెట్టు గడప మీద పెట్టింది. “నేను పోయి చెప్తే ఆయన నమ్మడు. కుళ్లుతో అంటా ఉండావు, చచ్చిపోయినోళ్ల మింద నింద వేస్తా ఉండావు అంటాడు. చెప్తే నువ్వే చెప్పాల. చెప్పకపోయినా నేనేం చేసేది లేదు.”

వెనక్కి చూడకుండా పోయింది.

ఇద్దత్తు గురువారంతో తీరింది. తీరాక ముందు తమ్ముడింటికి కొడవలూరు రమ్మన్నారు. అది ఆనవాయితీ. బీజాన్ ఆదివారం తర్వాత వస్తానని కబురు చేసింది. ఆ మూడు రోజులూ అదే ఆలోచన. చెప్పకపోతే ఎవరూ వచ్చి అడగరు. కరుణాకుమారి ఊరంతా చాటే మనిషి కాదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తల నిండా కొంగు కప్పుకుని ఆటో ఎక్కి ఉప్పుటేటి గట్టు దగ్గర దిగింది. మొగుడు ఇన్నేళ్లు వచ్చిన చోటుని ఆమె చూడటం అదే మొదలు. పెంచల్, అబ్రహాము పడవ ఒడ్డుకి లాగుతున్నారు. ఆమెని చూసి ఇద్దరూ కంగారుగా ఎదురొచ్చారు.

“ఏం వదినా, ఇంత దూరం వచ్చినావు? కబురు చేస్తే మేమే వచ్చేవాళ్లం గదా,” అన్నాడు అబ్రహాము.

“కూర్చో వదినా, పడవ అంచు మింద కూర్చో,” అన్నాడు పెంచల్.

ఆమె కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ నోరు రాదని భయం. నేల చూస్తూ, ప్యాకెట్ల సంగతి మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపిరిన చెప్పేసింది.

పెంచల్ ఫక్కున నవ్వాడు. “ఓరి నాయనో! అయితే బాయి రెండేళ్లు మాకు ప్యాకెట్టు సూపు గురించా అన్ని కతలు చెప్పింది! ఆడు మామూలోడు కాదు!”

“ఆయనకి తెలీదన్నా,” అంది బీజాన్. “తెలీకుండానే పోయినాడు.”

పెంచల్ నవ్వు ఆగిపోయింది. గాలం చుట్టుకునే నెపంతో పక్కకి పోయాడు.

అబ్రహాము పడవ తాడు కింద పడేశాడు. “ఎందుకు చెప్పినావు వదినా?” అన్నాడు, కోపంగానే. “చెప్పకుండా ఉంటే ఏం పోయింది? బాయి మాట బాయితో ఉండేది.”

“మీ ఇంట్లో ఆమెకి ఏం మిగిలిందన్నా?”

అతను ఉలిక్కిపడ్డట్టు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. “మరి పోయిన వారం కరుణ చేసిచ్చింది?”

“అదే అసలు సూపు. రెండింటికి లేచి చేసిన సూపు. నేను చేసిందానికంటే శ్రద్ధగా చేసుంటుంది, ప్రతి మాటా రాసుకుంది.”

“పోసేసినా వదినా.” అబ్రహాము ఏటి వైపు చూపించాడు. “ఒక గుక్క తాగి, అంతా ఏట్లో పోసేసినా. పైగా చేతిలో ప్రేమ లేదని ఆమెని అన్నా.”

బుట్టలో పండుగప్ప ఒకటి తోక కొట్టుకుంటోంది. అబ్రహాము దాన్ని పట్టించుకోలేదు.

“నాతో ఇంటికి రా వదినా,” అన్నాడు. “ఒక్కణ్ణే పోయి ఆమె ఎదురుగా నిలబడలేను.”

బీజాన్ పోయింది. అతను బండి మీద ముందు, ఆమె వెనక ఆటోలో. ఇంటి దగ్గర దిగేసరికి కరుణాకుమారి తెల్లచీర కట్టుకుని, బైబిలు, పాటల నోటుబుక్కు చేతుల్లో పెట్టుకుని తలుపుకి తాళం వేస్తోంది. వాకిట్లో నిలబడ్డ ఇద్దరినీ చూసింది. మొగుడి ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది, చెప్పులు కూడా లేవు. బీజాన్ కొంగు తల మీది నుంచి జారి ఉంది.

“కరుణా,” అన్నాడు అబ్రహాము.

కరుణాకుమారి ఆయన వైపు ఒకసారి, బీజాన్ వైపు ఒకసారి చూసింది. జరిగింది ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

“నాకు ప్రార్థనకి టైమయింది,” అంది.

ఇద్దరూ చెరో పక్కకి తప్పుకుని ఆమెకి దారిచ్చారు.