ఏయే పనులు మానేశావు?

స్కాన్ జెల్ చల్లగా వేళ్లకు తగిలితే చాలు, డాక్టరమ్మ గొంతు వినిపిస్తుంది. చదువు ముగించి నరసరావుపేటలో కొత్తగా చేరిన నాకు గుండె స్కాన్ చేయడం నేర్పింది ఆవిడే. గురజాల వైపు మనిషి, మాట కరుకు. ఆ మాటలకు నేనెన్నడూ నొచ్చుకోలేదంటే అబద్ధం. ఆవిడ దగ్గర పని మానేయాలని మాత్రం ఒక్కనాడూ అనిపించలేదు.

ఒకరోజు లారీ మెకానిక్ మస్తాన్ వచ్చాడు. గుండెకు రక్తం అందించే నాళాలు ఏళ్ల తరబడి పూడుకుపోతూ వచ్చాయి. గుండె ముందువైపు గోడ కండరం చచ్చిపోయింది, బైపాస్ చేసినా ఉపయోగం లేదని వేరేచోట చెప్పి పంపారట. నేను స్కాన్ చేసి చూసినా ఆ గోడ కదల్లేదు. అదే మాట అన్నాను.

"చచ్చిందని నీకెవరు చెప్పారురా? అడిగావా దాన్ని?" అంటూ ఆవిడ కుర్చీ మస్తాన్ దగ్గరికి లాక్కున్నారు. "నొప్పొస్తందా?"

"లేదమ్మా. చానా బాగున్నా."

"సరే, ఏయే పనులు మానేశావు?"

మస్తాన్ భార్య ఖాసింబీ అందుకుంది. "ఏం మానలేదో అడగండమ్మా! మొదట మెట్లెక్కడం మానేశాడు. తర్వాత జాకీ పట్టడం. ఇప్పుడు షాపులో కూర్చుని కుర్రోళ్లకి పని చెప్పడమే."

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "విన్నావా? నొప్పి రాకుండా బతుకు తగ్గించుకుంటా వచ్చాడు. లోపల కండరం కూడా అదే చేసుంటది. వచ్చే కాస్త రక్తంతో ప్రాణం నిలుపుకోడానికి పని మానేసి పడుకుంది. పడుకున్నదాన్ని పాతిపెడతామా?"

గుండెను తట్టిలేపే మందు చాలా తక్కువ మోతాదులో ఎక్కించమన్నారు. కండరం బతికుంటే కదలాలి. కదలకపోతే మస్తాన్‌కు ఆపరేషన్ లేనట్టే. ఖాసింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గోడ కదల్లేదు. "ఆగు," అన్నారావిడ. మందు కొంచెం పెంచాం. నిద్రలో ఉన్న మనిషి పిలిస్తే ఒత్తిగిల్లినట్టు, గోడ మెల్లగా లోపలికి కదిలింది. మళ్లీ కదిలింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవమాక, రికార్డు చెయ్యి," అన్నారు.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు మస్తాన్ మా ఆసుపత్రి మెట్లు తనే ఎక్కి వచ్చాడు. ఈసారి మందు లేకుండానే గోడ కదిలింది.

ఆవిడ ఇప్పుడు లేరు. ఇందాక ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒక రైతు పాత రిపోర్టు నా చేతిలో పెట్టి, "కండరం చచ్చిపోయిందంట సార్, చేసేదేం లేదంట," అన్నాడు. తెర మీద గోడ కదలడం లేదు. అన్ని గుండెలూ లేవవని నాకు తెలుసు. అయినా అడక్కుండా వదిలిపెట్టను. రిపోర్టు పక్కన పెట్టి, కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాను.

"బాబాయ్, ఏయే పనులు మానేశావు?"