కిటికీ పడ్డ శుభలేఖ

ఆ రోజుల్లో పిల్లల ఆస్తులే వేరు. కొందరు గోళీలు దాచుకునేవారు, కొందరు అగ్గిపెట్టెల బొమ్మలు. నేను మాత్రం మాటలు దాచుకునేదాన్ని. నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న మా కిరాయి ఇంటికి ఏ శుభలేఖ వచ్చినా, నచ్చిన మాటను కత్తెరతో కోసి బిస్కెట్ల డబ్బాలో వేసుకునేదాన్ని. 'సపరివార సమేతంగా', 'మదర్పిత చందన తాంబూలాదులు'... అర్థాలు మాత్రం అడక్కండి, నా చదువు ఏడో తరగతితో సరి. (అర్థం తెలియని మాటైతేనే నోట్లో ఎక్కువసేపు చప్పరించవచ్చు.) మధ్యాహ్నాలు డబ్బా బోర్లించి ఒక్కొక్కటే పైకి చదువుకుంటుంటే చక్కెర బిళ్లలు తిన్నట్టుండేది.

ఒకసారి చాదర్‌ఘాట్ నుంచి అమ్మ చిన్ననాటి స్నేహితురాలు కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చింది. ఆవకాయ జాడీ ఒకటి తిరిగి రాలేదని ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. అలాంటిది ఆమే అమ్మకు బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, "తలంబ్రాల పళ్లెం నువ్వే పట్టుకోవాలె. నువ్వొచ్చేదాంక ఎవ్వరికి ఇయ్య. రాకుంటివా, ఇగ ఈ జన్మల నీతోని మాట్లాడ!" అంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నా కళ్లు మాత్రం కార్డు మీదే. 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి'! మిగతా కార్డుల్లో చి.ల.సౌ. అని మూడు చుక్కలతో సరిపెట్టేస్తారు. ఇందులో పూర్తిగా, బంగారు రంగులో, గూడ్సుబండంత పొడుగ్గా ఉంది. ఆ సాయంత్రమే కోసేశాను.

పెళ్లిరోజు అమ్మ కార్డు తీస్తే దానికి కిటికీ ఉంది. వెనకవైపు సరిగ్గా అక్కడే ఫంక్షన్ హాలు పేరూ అడ్రసూ ఉండేవట.

"ఏందే ఇది, ఎలుక కొట్టిందా?" అన్నాడు నాన్న.

"ఎలుక గింత సక్కగ నాలుగు మూలలు కలిపి కొడ్తదా?" అంది అమ్మ.

"ఫికర్ జెయ్యకు. అబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు దగ్గరనే. నాకు మంచిగ యాదికుంది."

ఒప్పుకుంటే డబ్బా పోతుంది. ఎందుకైనా మంచిదని ఆ ముక్క తీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

అబిడ్స్‌లో నిజంగానే ఒక పెళ్లి జరుగుతోంది. పన్నీరు చల్లారు, గులాబీ ఇచ్చారు. నాన్న ఎంతో హుందాగా మొదటి వరసలో కూర్చున్నాడు.

"ఏమండి, పిల్ల మన పిల్ల లెక్క లేదు జూడున్రి," అంది అమ్మ.

"పెండ్లి ముస్తాబు. గట్లనే ఉంటది."

"పిల్ల సరే. పిల్ల తల్లి గూడ మారిందా?"

నాన్న గులాబీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "పళ్లెం ఎవరికో ఇచ్చేస్తది ఇగ," అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాడీ పోయినప్పుడు కూడా అలా చూడలేదు అమ్మను. నేను పిడికిలి తెరిచాను. చెమటకు తడిసిన సౌభాగ్యవతిని నాన్న వెనక్కి తిప్పి చదివాడు. లక్డీకాపూల్! నన్నేమీ అనకుండా, చేతిలో గులాబీతోనే ఆటో కోసం పరిగెత్తాడు.

అక్కడ అమ్మ స్నేహితురాలు తలంబ్రాల పళ్లెం గుండెకు హత్తుకుని పంతులుగారితో కొట్లాడుతోంది. "జర ఆగున్రి, వస్తదంటున్న గదా!" అమ్మను చూడగానే, "ఏడ సచ్చినవే ఇంతసేపు?" అని తిట్టి, పళ్లెం చేతిలో పెట్టి, భోరున ఏడ్చింది. సంగతి విన్నాక అంతకన్నా గట్టిగా నవ్వింది.

ఇంటికొచ్చాక అమ్మ డబ్బా తెమ్మంది. పొయ్యిలో వేస్తుందనుకున్నాను. అమ్మకు చదవడం రాదు. మూత తీసి నా ముందు పెట్టి, "చదువు. గంత ముద్దుగ దాసుకున్న మాటలేందో నేను గూడ ఇంట," అంది. అన్నీ చదివేదాకా కదల్లేదు.

ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లోనే. ఎంత ముద్దొచ్చే మాటైనా వేలితో పైకి తోసేయడమే. ఎప్పుడైనా కాగితం కార్డు వస్తే మాత్రం మా ఆయన ముందు హాలు అడ్రసు క్యాలెండరు మీద రాసుకుని, ఆ తర్వాతే కార్డు నా చేతికిస్తారు. కత్తెర కూడా ఆయనే వెతికి తెస్తారు.