కట్టెలవ్వ ఇల్లు దాటేసిన పాపానికి

ఆ రోజుల్లో మిషన్ బడిలో పనిచేసే పెళ్లికాని టీచరంటే సంఘం మొత్తానికీ సొంత మనిషి. సొంత మనిషంటే ప్రేమగా చూసుకుంటారని కాదు, అడగకుండా పని చెప్పొచ్చని. పిల్లలకు పాటలు నేర్పాలా, టీచరమ్మ ఉంది. జ్వరం వచ్చినవాళ్లకు గంజి తీసుకెళ్లాలా, టీచరమ్మ ఉంది. క్రిస్మస్‌కు రంగు కాగితాలు కత్తిరించాలా, ఆమె సాయంత్రాలు ఖాళీయే కదా! నేను నిజామాబాదు నుంచి బోధన్‌కు ఉద్యోగానికి వచ్చింది అరవైల్లో, ఇరవై రెండేళ్ల వయసులో. ఆ వయసు గురించి అందరూ ఏవేవో మధురంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది అరికాళ్ల మంట.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఇంట్లోనూ ఇల్లాలు బియ్యం కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, వంటింట్లో మేకుకు వేలాడే గుడ్డసంచిలో వేయాలి. ఆ సంచులు కుట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. శనివారం ఒకరు ఇల్లిల్లూ తిరిగి వాటన్నిటినీ ఒక పెద్ద గోనెసంచిలోకి దులపాలి (ఆ ఒకరు ఎవరో కూడా చెప్పనక్కర్లేదు). ఆదివారం ఆ గోనెసంచిని చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టి అయ్యగారు ప్రార్థన చేసేవారు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనీ, వారి భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్లం. ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద నేను సోలతో కూర్చుంటే, పనిచేసే ఓపిక లేని ముసలివాళ్లూ, మగదిక్కు లేని ఆడవాళ్లూ వరుసలో వచ్చి తలా రెండు సోలలు కొంగుల్లో పోయించుకుని వెళ్లేవారు.

ఆ బియ్యం గురించి కూడా చెప్పాలి. అందులో సన్నవి, దొడ్డువి, నూకలు, పోయినేటివి, మొన్న దంచినవి, ఒక్కోసారి జొన్నలు కూడా ఉండేవి. ఎసట్లో పోస్తే ఒకటి ఉడికేసరికి ఇంకోటి గంజయ్యేది. ‘సంఘ ఐక్యత అంటే ఇదే’ అనేవారు అయ్యగారు. (ఆయన ఇంట్లో సన్నబియ్యం వండేవాళ్లు.) మనుషుల పిడికిళ్ల గురించి కూడా నాకు అప్పుడే తెలిసింది. చెరుకు బండ్లు పెట్టించే కంట్రాక్టరు భార్య చేతికి మోచేతి దాకా బంగారు గాజులుండేవి గానీ, ఆమె పిడికిలి మాత్రం పసిపిల్ల పిడికిలంత. అందరికంటే పెద్ద పిడికిలి కట్టెలవ్వది.

కట్టెలవ్వ ఒకప్పుడు తల మీద కట్టెల మోపు పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మేదట. నేను వెళ్లేసరికి మెడ వంగిపోయింది, చూపు తగ్గింది, నా అన్నవాళ్లు లేరు. అరుగు దగ్గర రెండు సోలల బియ్యం తీసుకునేవాళ్లలో ఆమె ఒకతె. అయినా ఆమె గుడిసెలో మేకుకు ఒక గుడ్డసంచి ఉండేది. ఆదివారం నేను కొలిచి ఇచ్చిన బియ్యంలోంచే రోజూ పిడికెడు తీసి అందులో వేసేది. శనివారం నేను వెళ్లి దాన్ని మళ్లీ గోనెలోకి దులుపుకుని వచ్చేదాన్ని.

ఆ గుడిసె ఊరి చివర, చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే బాటలో ఉండేది. చెరుకు కోతల కాలంలో ఆ బాట నిండా బండ్లే. ఎద్దుల మధ్యలోంచి, బురదలోంచి, భుజాన గోనెసంచితో పోయి రావాలి. డిసెంబరులో ఒక శనివారం నా చెప్పు ఉంగటం తెగింది. అప్పుడు నాలో హఠాత్తుగా గొప్ప కరుణ పుట్టింది. పాపం, ఆ ముసలామెకు మనం ఇచ్చేదే రెండు సోలలు, అందులోంచి మళ్లీ తీసుకోవడం ఎంత అన్యాయం! ఇక నుంచి ఆమెను ఈ భారం నుంచి తప్పించాలి అనుకున్నాను. అనుకుని, ఆమె గుడిసె కనపడే మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. రాత్రి ప్రార్థనలో ఆ కరుణకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు కట్టెలవ్వ చర్చికి వచ్చింది, పాటలు పాడింది, బియ్యం కోసం మాత్రం అరుగు దగ్గరికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తరువాతి శనివారం కూడా నా కరుణ తగ్గలేదు, అటు వెళ్లలేదు. ఆదివారం ఆమె మళ్లీ నా ముందు నుంచే తల తిప్పుకుని వెళ్లిపోయింది. ఇక లాభం లేదని సోమవారం బడి అయ్యాక, రెండు వారాల బియ్యం మూట కట్టుకుని నేనే వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని ఉంది.

“ఏం టీచరమ్మా, మా ఇల్లు యాదికొచ్చిందా?”

“అవ్వా, బియ్యానికి వస్తలేవేంది? నీ పాలు బియ్యం అట్లనే ఉన్నయి.”

“నా పాలెక్కడిది? నువ్వు నా సంచి దులపలేదు గద.”

“నీకు కష్టమైతదని అవ్వా...”

“కష్టం ఎవరికి బిడ్డా? నాకా, నీ కాళ్లకా? గా మలుపు కాడికెల్లి మర్లిపోయినవ్, బండ్లోళ్లు జెప్పిండ్రు.”

నేను మూట ముడి సరిచేసుకున్నాను. ఆమె మాత్రం ఆపలేదు.

“సూడు బిడ్డా. గా గోనెల నా పిడికెడు పడ్డంక ఏ గింజ ఎవరిదో ఎవలకన్న ఎర్కనా? నేను తెచ్చుకునేటియి నా గింజలే అనుకొని వండుకుంటుంటి. గిప్పుడు గది ఊరోళ్ల బియ్యం. ఊరోళ్ల బియ్యం నాకెందుకు? నేనేమన్న అడుక్కతినేదాన్నా?”

మూట ఎత్తుకుని తిరగబోతుంటే పక్క గుడిసె ఆమె చెప్పింది, అవ్వ వారం రోజుల నుంచి పొద్దుకొక్కసారి జొన్న గట్క తాగి పడుకుంటోందనీ, అది కూడా తను బలవంతం చేస్తేనే అనీ. గడప పక్క నుంచి లోపలికి చూశాను. అన్నం కుండ బోర్లించి ఉంది. నేను చేసిన పుణ్యకార్యం వల్ల ఒక ముసలామె పస్తులుంటోంది.

చిక్కేమిటంటే, సంచిలో పిడికెడు వేస్తే తప్ప ఆమె బియ్యం తీసుకోదు. తీసుకుంటే తప్ప వేయడానికి ఆమె దగ్గర బియ్యం ఉండవు. (నేను దులపని వారం గింజలను, దేవునివి ఇంట్లో ఉంచుకోకూడదని పిట్టలకు చల్లేసిందట.) అమ్మగారు తన ఇంట్లోని బియ్యం ఒక పిడికెడు పట్టుకెళ్లి, “ఇవి నీవే అనుకుని సంచిలో వెయ్యవ్వా” అని బతిమాలారు. “అడుక్కొచ్చి దేవునికి పెడ్తరా అమ్మగారూ?” అని కట్టెలవ్వ తిప్పి పంపింది. బుధవారం ప్రార్థన కూడికలో అయ్యగారు గర్వం మీద ముప్పావు గంట ప్రసంగం చేశారు. కట్టెలవ్వ స్తంభానికి ఆనుకుని హాయిగా నిద్రపోయింది. కంట్రాక్టరు భార్య మాత్రం అదంతా తన గురించేననుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. (ఆ వారం ఆమె పిడికిలి కాస్త పెరిగింది, అబద్ధం చెప్పకూడదు.) నేను రోజూ బడి అయ్యాక ఆ బురద బాటలో పోయి, ఆమె గడపలో నిలబడి, మాటలు పడి వస్తున్నాను. వారానికి ఒక్కసారి నడవడానికి బద్ధకించినదాన్ని, రోజూ నడుస్తున్నాను.

చివరికి శుక్రవారం ఆమే దారి చూపించింది. “వరి కోతలైనయ్. పరిగె ఏరుకొచ్చి దంచితే పిడికెడు గావా? కని నాకు కండ్లు అగుపడ్తలేవు. నువ్వు నడువు, ఏరుదాం.”

పరిగె అంటే కోతలయ్యాక పొలంలో రాలిన కంకులు. వాటిని పేదవాళ్లు ఏరుకుంటే రైతులు ఏమీ అనేవాళ్లు కాదు. శనివారం పొద్దున్నే గంజి పెట్టిన చీరలో నేనూ, చేతికర్రతో అవ్వా బయలుదేరాం. ఆమె గట్టు మీద కూర్చుంది. నేను కొయ్యకాళ్ల మధ్య వంగి ఏరాను. కాళ్లకు గీసుకుపోయి రక్తం వచ్చింది. “అగో, గక్కడ కంకి ఇడిసిపెడ్తివి”, “గిదేందమ్మా, సదువుకున్నదానివి, గది గడ్డిపోచ!” అని గట్టు మీద నుంచి ఆజ్ఞలు. చూపు లేని మనిషికి నేను వదిలేసిన కంకులు మాత్రం ఎలా కనపడేవో నాకు నేటికీ తెలియదు.

ఇంతలో ఆ పొలం పటేలు వచ్చాడు.

“ఏందవ్వా, గీమె బడి టీచరమ్మ గాదా?”

“అవ్ పటేలా. పరిగెకొచ్చింది.”

“అయ్యో! మిషనోళ్లు జీతాలిస్తలేరా?”

అలాంటిదేమీ లేదని చెప్పడానికి నడుము ఎత్తబోయాను. నడుము పట్టేసి, నోట్లోంచి “అబ్బా” అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. పటేలు దాన్ని అవునన్నట్టుగా తీసుకుని, తల అటూ ఇటూ ఊపుతూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను దంచాను, ఆమె చెరిగింది. పిడికెడు కంటే కొంచెం ఎక్కువే వచ్చాయి. గోనెసంచి మూతి తెరిచి ముందు పెడితే ఆమె ఒప్పుకోలేదు. మేకుకున్న గుడ్డసంచిలో పోసుకుని, “గట్ల గాదు. బయటికి వోయి, వారంవారం వచ్చినట్టు మల్ల రా” అంది. నేను చింపిరి జుట్టుతో, గడ్డి పట్టిన చీరతో బయటికి వెళ్లి, గడపలో నిలబడి, “అవ్వా, పిడికెడు బియ్యం!” అని అరిచాను. ఎవరో అన్నట్టుగా ఆమె తాపీగా లేచి, సంచి తెచ్చి, దులిపి, “దేవుడు సల్లగ సూడాలె, పో బిడ్డా” అని దీవించింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

ఆదివారం అరుగు దగ్గర వరుసలో అందరికంటే ముందు కట్టెలవ్వే నిలబడింది. కొంగు పట్టి అందరికీ వినపడేలా, “జర నిండుగ కొలువు టీచరమ్మా, అండ్ల నా బియ్యమున్నయ్” అంది. నేను నిండుగానే కొలిచాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. సోమవారం బడి నడుస్తుండగా పటేలు భార్య చాటెడు బియ్యం మీద గుడ్డ కప్పుకుని వచ్చింది. హెడ్‌మాస్టరుగారూ పిల్లలూ చూస్తుండగా నా బల్ల మీద పెట్టి, “తప్పుగ అనుకోకు టీచరమ్మా. పిల్లలకు సదువు చెప్పేదానివి, నువ్వు పరిగె ఏరుడేంది? మా పాణం ఒప్పలే” అంది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. వద్దంటే ఆమె మనసు కష్టపెట్టుకుంటుంది. తీసుకుంటే నేను భూమిలోకి దిగిపోవాలి. మొహం మండిపోయింది. ఏదో ఒకటి తిరిగి ఇస్తే తప్ప ఆ చాటను ముట్టుకోలేననిపించి, “మీ బిడ్డను సాయంత్రాలు పంపు అక్కా, ఎక్కాలు నేర్పుత” అనేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. కట్టెలవ్వ అన్ని రోజులు గట్క తాగి ఎందుకు పడుకుందో నాకు అయిదు నిమిషాల్లో అర్థమైంది. (ఆ అమ్మాయికి నాలుగేళ్లు చెప్పాను. పదమూడో ఎక్కం దాటలేదు.)

కట్టెలవ్వ ఆ తరువాత మూడేళ్లు ఉంది. నేను ఒక్క శనివారం కూడా ఆమె ఇల్లు దాటేయలేదు. భక్తి అనుకోకండి, భయం.

ఇప్పుడు నేను నిజామాబాదులో ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న క్రిస్మస్ ముందు చర్చి నుంచి ఒక పిల్ల వచ్చింది, ఉద్యోగం చేస్తుందట. చేతిలో పేర్ల కాగితం, భుజాన సంచి. “మేడం, పెద్దవాళ్లకు ఇస్తున్నం” అని ఒక బియ్యం పొట్లం నా చేతిలో పెట్టి, వెంటనే గుమ్మం దిగింది. కాగితంలో నా పేరుంది. ఒక్క క్షణం నా మొహం ఆ సోమవారం మండినట్టే మండింది.

“జర నిలబడు బిడ్డా” అన్నాను. ఆ గొంతు నాది కాదు, ఎవరిదో మీకు తెలుసు. లోపలికి వెళ్లి, మా బియ్యం డబ్బాలోంచి ఒక పిడికెడు తీసుకొచ్చాను. “వద్దు మేడం, మీరేం ఇయ్యొద్దు” అంది. కుడికాలి చెప్పులోంచి మడమ బయటికి తీసి నిలబడింది పాపం, ఇంకా ఎన్నిళ్లు ఉన్నాయో. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. సంచి మూతి తెరిపించి వేసి, వచ్చే వారం మళ్లీ రమ్మన్నాను. సరేనంది గానీ, ఆ సరే ఎలాంటిదో కూడా నాకు తెలుసు.

వస్తే సంతోషం. మా ఇల్లు దాటేసి పోయిందంటే మాత్రం, బోధన్ దగ్గర పొలాలు ఇంకా ఉన్నాయి. నేను గట్టు మీద కూర్చుంటాను.