చీపురూ కాదు, గయ్యాళీ కాదు

గ్లెన్‌టారీ ఊళ్లో చీపుళ్లు కట్టేది ఎఫీ డౌ ఒక్కతే. కొండ మీద హెదర్ పొదల పుల్లలు కోసుకొచ్చి, ఉడుంపట్టులా బిగించి కడుతుంది. ఆ చీపురును అక్కడ బిజమ్ అంటారు. నోరున్న ఆడదాన్నీ బిజమ్ అనే అంటారు. ఊరికి రెండిటికీ ఎఫీయే దిక్కు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. చలికి చెరువు గడ్డకట్టినప్పుడు మగవాళ్లు పిడి ఉన్న గుండ్రటి బండరాళ్లను మంచు మీద గీసిన గురి వలయంలోకి జార్చి ఆడతారు. ఆ ఆటలో తానూ ఒక రాయి వెయ్యాలి. చిన్నప్పుడు తండ్రి చాటుగా నేర్పాడు కూడా. కానీ ఆ ఆట క్లబ్బువాళ్లు, రాయి ఇంకాస్త దూరం జారేలా దాని ముందు దారి ఊడవడానికి ఆమె చీపుళ్లు పట్టుకుపోతారు, ఆమెను మాత్రం గట్టు మీదే నిలబెడతారు. ఇదేం న్యాయం?

ఆ ఏడు పై ఊరితో పందెం నాడు ఆట మొదలుకాకముందే ఒక ఆటగాడు కాలు మడతపడి కూలబడ్డాడు. గారో అనే జట్టు పెద్ద జుట్టు పీక్కుంటుంటే ఎఫీ మంచు మీదికి దిగింది.

“ఎక్కడికే? చీపుళ్లక్కడ పడేసి పో!” అన్నాడు గారో.

“బిజమ్ లేనిదే ఆట మొదలెట్టకూడదని కదా మీ క్లబ్బు నియమం! ఇన్నేళ్లూ నన్ను బిజమ్ అని నోరారా పిలిచింది నువ్వే. ఇదిగో, వచ్చా. మొదలెట్టు.”

జనం గొల్లుమన్నారు. గారో ముఖం కందగడ్డయింది. గట్టు మీదున్న బడిపంతులు ఇమ్రీ వైపు తిరిగాడు. “మీరు చెప్పండి పంతులు గారూ, ఆ రెండూ ఒకటేనా?”

ఇమ్రీ గొంతు సవరించుకున్నాడు. “చీపురును బిజమ్ అనడం పాత ఇంగ్లీషు నుంచి వచ్చిందయ్యా. మనిషిని అనేది కూడా అందులోంచే పుట్టిందని కొందరంటారు. కాదు, దానికి వేరే పాత మాట మూలమని ఇంకొందరంటారు. ఆ మాటకు అర్థం, నలుగురూ చూసి నేర్చుకోవాల్సిన ఉదాహరణ అని. మంచికో, చెడుకో.”

“విన్నావా? నువ్వు చీపురువి కాదట!” గారో ఎగిరి గంతేశాడు.

 ఎఫీ నోరు ఊరుకుంటుందా? “అయితే ఉదాహరణనేగా! చూసి నేర్చుకో మరి!” అంటూ రాయి పిడి పట్టి, వంగి, జార్చేసింది.

రాయి నెమ్మదించింది. గురి వలయం దాకా పోయేలా లేదు.

“ఊడ్చవయ్యా గారో, ఊడ్చు!” అని అరిచింది ఎఫీ.

గారో చేతిలో చీపురుంది. ఆలోచించేలోపే ఒళ్లు వంగింది. రాయి ముందు పరుగెత్తుతూ పిచ్చిపట్టినట్టు ఊడ్చాడు. రాయి పాక్కుంటూ వెళ్లి నడి గుర్తు మీద ఆగింది. పై ఊరివాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు.

గారో రొప్పుతూ, ఆమె వంక చూడకుండా చీపురు దులిపాడు.

“మనిషికి రెండు రాళ్లు,” అన్నాడు. “ఆ రెండోది కూడా వెయ్యి.”