వెనక సీటు మైకు

మా కారులో కంపెనీ వాళ్ళు పెట్టిచ్చిన స్టీరియో ఒకటి ఉండేది. దాన్ని మేము వాడింది తక్కువ. కారెక్కితే మాకు మాటలే సరిపోయేవి. ఛత్రినాకలో మాది ఉమ్మడి ఇల్లు. అన్నా వదినా, వాళ్ళ పిల్లలు, మా పిల్లలు, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం రెండు మాటలు చెప్పుకోవాలంటే మేడ ఎక్కాలి, అక్కడా ఎవరో బట్టలు ఆరేస్తుంటారు. అందుకని మా సంసారం సగం కారులోనే నడిచింది. పొద్దున మా ఇంటామెను సంతోష్‌నగర్‌లో బడి దగ్గర దించి నేను ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. పిల్లల్ని ఏ కాలేజీలో వేయాలో ఆ దారిలోనే తేల్చుకున్నాం. పోట్లాటలన్నీ ఆ దారిలోనే.

ఆమె టీచరు. ఎక్కం చెప్పిస్తే పక్క క్లాసు పిల్లలు కూడా అందుకునేవారట. నేను ఆమెను మైకు అని ఏడిపించేవాణ్ణి.

"నీకు ఒక్కసారి చెప్తే ఎక్కుతదా? అందుకే దేవుడు నాకు మైకు పెట్టి పంపిండు" అనేది.

తర్వాత ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దానితో పాటు గొంతూ పోయింది. మిగిలింది గాలి లాంటి గుసగుస. ఇక ఇంతేనని డాక్టర్లు చెప్పేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అని చుట్టాలు వచ్చి చెప్పి, చాయ తాగి వెళ్ళారు. బడిలో పాఠాలు తీసేసి లైబ్రరీ అప్పజెప్పారు.

మొదట్లో కారులో నా పక్కనే కూర్చునేది. ఏదో చెప్పేది. ఇంజన్ మోతలో, బయటి హారన్లలో నాకు వినిపించేది కాదు. పెదవులు చూస్తే అర్థమవుతుందని అటు తిరిగేవాణ్ణి. అలా తిరిగిన ఒక పొద్దున ఎదురుగా ఆటో వచ్చేసింది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆటో అతను దిగి మా ఏడు తరాలనూ తిట్టి వెళ్ళాడు. ఆమె దిగి వెనక సీట్లోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచి కారులో నోరు మెదపలేదు. నెమ్మదిగా ఇంట్లోనూ మానేసింది. అవును అంటే తల ఊపుడు, వద్దు అంటే చెయ్యి ఊపుడు. నా ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. ఇద్దరం ఒకే కారులో రోజూ అంత దూరం ప్రయాణం చేసి, బడి గేటు దగ్గర మాటా మంతీ లేకుండా విడిపోయేవాళ్ళం. ఇలాగే మిగిలిన బతుకంతా గడిచిపోతుందేమోనని నాకు నిజంగా భయం వేసింది.

పాతబస్తీలో ఒక గల్లీలో కార్లకు సౌండు బిగించే భాయ్ ఉన్నాడు. కుర్రకారు డబ్బాలంత స్పీకర్లు పెట్టించుకోవడానికి ఆయన దగ్గరికి పోతారు. బోనాలకైనా, వినాయకుడికైనా, మిలాద్‌కైనా ఊరేగింపు బండ్లకు మైకులు కట్టేది ఆయనే. నేను వెళ్ళి, వెనక సీట్లో మాట్లాడితే డ్రైవరుకు వినపడాలి అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"కార్ల ఎవరు స్పీచ్ ఇస్తరు సాబ్?"

"మా ఇంటామె" అని విషయం చెప్పాను.

ఆయన చేతులు తుడుచుకుని మా కారులో స్టీరియో ఊడదీశాడు. "కంపెనీ స్టీరియోల మైకు పెట్టనీకి జాగ లేదు. గని దాని వైరు ఒక్కటి గూడ కోయ. మధ్యల సాకెట్ ఏసి కలుపుత" అన్నాడు. స్టీరియో నుంచి తలుపుల్లోని స్పీకర్లకు పోయే దారిలో చిన్న ఆంప్లిఫయర్ కలిపి సీటు కింద పెట్టాడు. మెలికల వైరున్న చేతి మైకు ఒకటి వెనక్కి లాగి నా సీటు వెనక కొక్కేనికి తగిలించాడు. నొక్కితే దాని మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. మొదట నొక్కగానే కీచుమని చెవులు పగిలేట్టు అరిచింది. వెనక తలుపుల స్పీకర్లు మైకుకు మరీ దగ్గరున్నాయని వాటిని తీసేసి, ముందువి మాత్రం ఉంచాడు. మైకు కరెంటును కారు తాళానికి కలిపాడు.

"తాళం బంద్ చేస్తే మైకు గూడ బంద్. లేకుంటే బ్యాటరీ ఖతమైతది. ఇగ ఫికర్ చెయ్యకు సాబ్."

మర్నాడు పొద్దున ఆమెను కూర్చోబెట్టి, ఏదైనా మాట్లాడమని బతిమాలాను. చాలాసేపటికి మైకు తీసింది.

"గిదేంది?" అంది.

కారంతా గిదేంది, దేంది, దేంది అని మోగింది. భాయ్ అలవాటు చొప్పున ఎకో పెట్టేశాడు. ఊరేగింపు బండికి ఎకో లేకపోతే ఎవరూ ఊరుకోరు, ఆయన చేతికి వేరే పని తెలియదు. సిగ్నల్ దగ్గర అద్దాలు దించి ఉన్నాయి. స్కూటర్ మీద ఇద్దరు తిరిగి చూసి నవ్వారు. అద్దంలో ఆమె మొహం చూశాను. మైకు కొక్కేనికి తగిలించి కిటికీ వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకుంటోంది. నా ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం భాయ్ మీద లేచాను. ఆయన ఎకో తీసేస్తూ, "ఎకో లేకుంటే గొంతు రూఖా ఉంటది సాబ్, ఎండినట్టు" అన్నాడు.

"ఎండినట్టే ఉండనీ భాయ్. అదే ఆమె గొంతు."

 భాయ్ తల వంచుకుని పని చేశాడు.

కానీ ఆమె మళ్ళీ మైకు ముట్టలేదు. బోనాలు వచ్చాయి, వెళ్ళాయి. మైకు నా సీటు వెనక ఊగుతూనే ఉంది. నేనే వాగేవాణ్ణి. ఆఫీసు సంగతులు, బియ్యం ధర, పక్కింటి లొల్లి, ఏది తోస్తే అది. జవాబు వస్తుందన్న ఆశ కూడా పోయింది.

ఒక పొద్దున అలాగే వాగుతూ అన్నాను: "వదిన అంటుంది, గా లైబ్రరీల దుమ్ములెందుకు, నౌకరీ ఇడిసిపెట్టుమని. నాకు గూడ మంచిదే అనిపిస్తుంది. ఇంట్ల ఆరాంగ ఉంటవు."

తలుపులో స్పీకరు టక్కుమంది.

"ఇడువ."

ఎండిన గొంతు. ఎకో లేదు. నా మోకాలి పక్క నుంచి వచ్చింది. నేను అద్దంలోకి చూశాను.

"ముందర చూడు. మళ్ల ఆటోకు గుద్దుతవు."

ముందుకు చూశాను.

"నా గొంతు పోయింది, నేను పోలే" అంది. "అందరు గట్లనే చూస్తున్రు. నువ్వు గూడనా?"

ఇంకా తెరవని బట్టల దుకాణాల ముందు కారు పక్కకు ఆపాను. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను. సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాను. అలా చూసి ఎన్నాళ్ళయిందో. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుని, ఏకధాటిగా తిడుతూనే ఉంది. నన్ను, వదినను, ప్రాణం దక్కిందన్న చుట్టాలను. తర్వాత తిట్లు ఆగాయి. రోజూ పొద్దున స్నానాల గదిలో నల్లా విప్పి, ఆ చప్పుడులో నన్ను పిలిచి చూసుకుంటుందట. ఎప్పటికన్నా పాత గొంతు వస్తుందేమోనని. రాలేదని ఎవరికీ తెలియకూడదని నల్లా.

అన్నీ వినిపించాయి. ఒక్క మాట కూడా పోలేదు. ఆమె చేతిలో మైకు మీది ఎర్ర దీపం ఎప్పుడో ఆరిపోయింది. ఆమె చూసుకోలేదు. నేను చెప్పలేదు.