పెట్టె మీద అస్రోర్ బొమ్మ

ఖుజంద్ పట్నం బజారులో అస్రోర్ ఏనాడూ కేకలు వేసి సరుకు అమ్మలేదు. చుట్టూ అందరూ గొంతు చించుకుంటుంటే, అతను గోనెసంచుల వెనక కూర్చుని, ఆగినవాళ్ల అరచేతిలో ఒక ఎండు ఖుబానీ పండు పెట్టేవాడు.

"తిని చూడండి. నచ్చకపోతే వెళ్లిపోండి, నేనేం అనుకోను" అనేవాడు. నచ్చక వెళ్లిపోయినవాళ్లు చాలా తక్కువ. నిరుటి సరుకైతే నిరుటిదనే చెప్పేవాడు. వాన తగిలిన సంచి ఉంటే, అది ఉడకబెట్టుకోవడానికే పనికొస్తుందని అడక్కుండానే చెప్పేవాడు. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. పెళ్లి విందులకు కావాలన్నా, చంటిబిడ్డ తల్లికి కావాలన్నా జనం అతని దగ్గరికే వచ్చేవారు.

చూడ్డానికి ఆ పళ్లు ఏమంత బాగుండేవి కావు. ముడతలు పడి, ముదురు గోధుమరంగులో ఉండేవి. నోట్లో వేసుకుంటే మాత్రం తేనె. ఆ పనితనం అస్రోర్‌ది కాదు, అతని అక్క గుల్చెహ్రాది. చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆవిడ, తమ ఊరు చోర్కూహ్‌లో తండ్రి తోటను కన్నబిడ్డలా చూసుకునేది. పండు దానంతట అది రాలేదాకా ఆగేది. డాబా మీద రెల్లు చాపలు పరిచి, రోజుకు మూడుసార్లు ఒక్కో పండునూ తిరగేసేది. కొండ మీద చిన్న మబ్బు కనబడినా చాపలన్నీ లోపలికి చేరవేసేది.

అస్రోర్‌కు యాభై ఏళ్లప్పుడు గెన్నాదీ అనే టోకు వర్తకుడు సైబీరియా నుంచి వచ్చాడు. తోటంతా తిరిగి, టీ తాగుతూ విషయం చెప్పాడు.

"నాకు లారీల్లో సరుకు కావాలి. పండు పెద్దదిగా ఉండాలి, నారింజరంగులో మెరిసిపోవాలి. మీ నల్లపళ్లు మా కొట్లలో ఎవరూ ముట్టుకోరు. గంధకం పొగ పెట్టండి, రంగు నిలుస్తుంది."

అతను వెళ్లాక గుల్చెహ్రా తమ్ముడితో అంది: "పంపిస్తే పంపించు, వద్దనను. సగం తోట మాత్రం అలాగే ఉంచరా. బజారులో చోటు కూడా వదలకు."

"రెండు పడవల మీద నన్ను కాళ్లు పెట్టమంటావా అక్కా? ఎన్నాళ్లు ఇలా గుప్పెడు గుప్పెడు అమ్ముకుంటూ కూర్చోవాలి? నీకు డాబా తప్ప లోకం తెలీదు."

ఆవిడ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ వసంతంలో అస్రోర్ పాత చెట్ల కొమ్మలన్నీ కోయించి, పెద్దకాయ రకం అంట్లు కట్టించాడు. రంపాలు ఆడుతున్నంతసేపూ గుల్చెహ్రా వంటింట్లోనే ఉండిపోయింది. కొత్త అంట్లు కాపుకు వచ్చేదాకా ఊళ్లోవాళ్ల పళ్లు కొని లారీలు నింపాడు. బజారులోని చోటును ఒక బట్టల వర్తకుడికి ఇచ్చేశాడు. అట్టపెట్టెల మీద టోపీ పెట్టుకుని నవ్వుతున్న తన ఫొటో అచ్చు వేయించి, తెచ్చి అక్కకు చూపించాడు.

"బాగా పడ్డావు" అందావిడ పెట్టెను అటూ ఇటూ తిప్పి. "నేనెక్కడున్నానురా ఇందులో?"

"నీ బొమ్మ వేస్తే ఎవరు కొంటారే ముసలమ్మా!" అని పగలబడి నవ్వాడు అస్రోర్. ఆవిడా నవ్వింది. కానీ ఆ ఏడాది నుంచి డాబా ఎక్కడం మానేసి, టోపీలు కుట్టుకుంటూ కూర్చుంది.

ఆరేళ్లు బాగానే నడిచింది. ఏడో ఏడు పళ్లు కోతకొచ్చినా గెన్నాదీ దగ్గర్నుంచి ఫోను రాలేదు. అస్రోరే చేశాడు.

"వేరేచోట చవగ్గా దొరుకుతోంది, ఏమనుకోకు" అన్నాడు గెన్నాదీ. అంతే. అస్రోర్‌కు ఆ సైబీరియా ఊళ్లో మరో మనిషి తెలియదు. తన పళ్లు ఎవరు తింటున్నారో, వాళ్లకు నచ్చాయో లేదో ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

పెట్టెలు బండికెత్తుకుని మళ్లీ ఖుజంద్ వెళ్లాడు. బజారు చివర, చేపల వరస పక్కన చోటు దొరికింది. మధ్యాహ్నం పాత ఖాతాదారు అయిన పంతులమ్మ ఒకావిడ అతన్ని గుర్తుపట్టి ఆగింది. అలవాటుగా చెయ్యి చాపింది. ఒక పండు కొరికి, నెమ్మదిగా నమిలింది.

"ఇవి మీవేనా అస్రోర్?"

"మావేనండీ పంతులమ్మగారూ. రంగు చూడండి, ఎంత బాగుందో!"

"రంగు బాగుంది" అని, మిగతా సగం పండును చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ ఏమైనా తిట్టినా అంత బాధ ఉండేది కాదని అస్రోర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక, పొరుగూళ్లో ఒకరి పెరట్లో పాత రకం చెట్టు ఇంకా ఉందని తెలిసి, దాని మొగ్గలు తెచ్చి మళ్లీ అంట్లు కట్టాడు. ముసలి మొదళ్లలో సగం ఈ రెండో కోతకు తట్టుకోలేక ఎండిపోయాయి.

నిరుడు దగ్గర్లోని ఇస్ఫరా పట్నంలో కొత్తగా వ్యాపారం పెట్టుకున్న కుర్రకారుకు పాఠాలు చెప్పిస్తూ అతన్నీ పిలిచారు. సరుకు ఎగుమతి చేయడం గురించి చెప్పమన్నారు. అస్రోర్ రాసుకెళ్లిన కాగితం జేబులోంచి తియ్యలేదు.

"పెద్ద బేరం వస్తే కాదనకండి. దానికోసం చిన్న బేరాన్ని మాత్రం చంపుకోకండి. కొనేవాడు ఒక్కడే అయితే, అతను మీ ఖాతాదారు కాదు, మీ యజమాని. తినేవాడి మొహం కనబడే చోటు ఒక్కటైనా ఉంచుకోండి. మీ సరుకులో గొప్పదనం ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోండి. ఆ మనిషిని వాటాదారుగా పెట్టుకోండి, పేరు పైకి చెప్పండి. మా సరుకు గొప్పదనమంతా మా అక్క చేతిలో ఉండేది. నేను ఇవేవీ చెయ్యలేదు."

ముందు వరసలో ఊరగాయలు అమ్మే ఒక అమ్మాయి అడిగింది: "మీ అక్కగారితో ఈ మాట అన్నారా బాబాయ్?"

"లేదమ్మా" అన్నాడు. 

మర్నాడు పొద్దున టీ పోసి అక్కకు అందిస్తూ చెప్పాడు. "తప్పు నాదే అక్కా. నీ పని అమ్ముకుని, నా పేరు పెట్టుకున్నాను."

గుల్చెహ్రా కప్పు అందుకుని పక్కన పెట్టింది. "కొమ్మలు కోయించేముందు ఒక్కసారి నాతో తోటలోకి వచ్చి ఉంటే, ఏవి ఉంచాలో చూపించేదాన్నిరా" అంది. "ఇప్పుడు నా కళ్లకు పండు రంగు ఆనదు."

ఈ వేసవిలో కొత్త కొమ్మలు మొదటిసారి కాశాయి. అస్రోర్ కోడలు డాబా మీద చాపలు పరిస్తే, గుల్చెహ్రా కింద నుంచి కేకలేసి ఎలా చెయ్యాలో చెప్పింది. కోడలు కంగారులో కొన్ని పళ్లు తొందరగా ఏరేసింది, కొన్ని మబ్బు చూడక తడిపేసింది. చివరికి ఒకటిన్నర సంచి మిగిలింది. ఒక పండు కొరికి చూసి గుల్చెహ్రా అంది: "పాతవాటిలా లేవు. దగ్గరికైతే వచ్చాయి."

అరవై మూడేళ్ల అస్రోర్ ఆ ఒకటిన్నర సంచిని బస్సు మీద వేసుకుని గుప్పెడు గుప్పెడు అమ్ముకోవడానికి ఖుజంద్ బజారుకు బయల్దేరాడు.